గీతకు ఆవలి మనిషి

గాయపడినవాడు కన్నులయెదుట పడియుండగా వానిని ముట్టకుండ ఒక్క నిమిషమైనను నిలిచియుండుట ధర్మమగునా? ఈ ప్రశ్నకు లోకము ఏనాడో జవాబు చెప్పియున్నది. పరుగెత్తి పోవలెను, తలయెత్తి పట్టుకొనవలెను, గొంతు తడుపవలెను. పురాణములు చెప్పినదియు, ఇంటిలో అవ్వలు చెప్పినదియు ఇదియే. కాని యుద్ధభూమి వైద్యమున ఒక శాఖ కలదు. దాని మొదటి పాఠము ఈ జవాబునకు అడ్డముగా నిలుచుచున్నది. రసాయనవిషము సోకిన సైనికుని సమీపింపకముందు వైద్యుడు తన ఒడలెల్ల కప్పుకొనవలెను. ఆ సైనికుని చికిత్స గుడారములోనికి తీసికొనిపోకముందు బట్టలు విప్పి, ఒడలు కడుగవలెను. కడుగనివానిని లోనికి రానీయరాదు. నేలపై ఒక గీత గీయబడియుండును. దానికి ఆవల విషము, ఈవల వైద్యము. సైనికవైద్యులు ఈ పనిని డీకంటామినేషన్ అందురు. పండితులు నిర్విషీకరణమనవచ్చును. కాని తెలుగువారి నోట దానికి మిక్కిలి దగ్గరి మాట ఇంకొకటి యున్నది: మైల తీయుట. చిక్కంతయు ఆ మాటలోనే యున్నది.

ముందుగా ఆ గీత ఏల అవసరమైనదో తెలియవలెను. మస్టర్డ్ వాయువు పేరునకు వాయువేగాని నిజమునకు నూనెవంటి ద్రవము. ఆవాలవంటి, వెల్లుల్లివంటి వాసన యుండుటచేత దానికా పేరు వచ్చినది. అది ఒంటిపై పడినప్పుడు మంట పుట్టదు, నొప్పి తెలియదు. కొద్ది నిమిషములలో చర్మములోనికి ఇంకిపోవును. కన్నులు మండుటకు, బొబ్బలు లేచుటకు కొన్ని గంటలు పట్టును. అనగా బాధ తెలియునప్పటికి కడుగవలసిన వేళ దాటిపోయియుండును. సారిన్ వంటి నాడీవిషములకు ఈపాటి ఓపికయు లేదు. అవి నిమిషములలో ఊపిరిని ఆపగలవు. ఈ రెండు జాతుల విషములును బట్టలలో, జుట్టులో, తోలుపట్టీలలో నిలిచి, మెల్లమెల్లగా ఆవిరియగుచు, ముట్టినవానిని, చెంత నిలిచినవానిని గూడ పట్టుకొనును. బట్టలు విప్పి పారవేసినంతనే విషములో పెద్దభాగము పోవును. మిగిలినదానికి సబ్బు, నీరు. నీరు లేనిచోట పొడి. ఆ పొడి మరేమియు కాదు, ఆడువారు ముఖమునకు పూసికొను ముల్తానీ మట్టి జాతిదే. నూనెను పీల్చుకొను గుణము దానికి కలదు గనుక సైనికుల సంచులలో దానికి చోటు దొరికినది. ఒకప్పుడు చర్మమునకు గూడ బ్లీచింగు కలిపిన నీటిని వాడెడివారు. ఇప్పుడు పెక్కుమంది వైద్యులు సబ్బునీరే మేలందురు.

అన్ని విషములకును ఇంత తతంగము అక్కరలేదు. కేవలము క్లోరిన్ వాయువు పీల్చినవానికి ముందు కావలసినది మంచిగాలి. వానిని గంటసేపు కడుగుచు కూర్చుండుట వైద్యము కాదు, భయము. నియమములో మరియొక మాటయు కలదు. గీతను తలచుకొని బెదరువారు దానిని తరచుగా మరతురు. రక్తము ధారగా కారుచున్నచో కట్టు కట్టుట, ఊపిరి ఆగుచున్నచో దారి చేయుట, నాడీవిషము సోకినచో అట్రోపిన్ సూది పొడుచుట, ఇవి కడుగుటకు ముందే, గీతకు ఆవలనే చేయవలసిన పనులు. ఒడలు కప్పుకొన్న వైద్యుడు గీత దాటి పోయి వానిని చేయవలెను. కావున శాస్త్రము చెప్పునది ముట్టవద్దని కాదు, సిద్ధపడి ముట్టుమని.

ఈ తేడా ఎంతటిదో తెలియుటకు ఇటలీదేశపు బారీ రేవు కథ చాలును. 1943 డిసెంబరు 2వ తేదీ రాత్రి జర్మను విమానములు ఆ రేవుపై బాంబులు కురిపించినవి. 17 ఓడలు మునిగినవి. వానిలో జాన్ హార్వీ అను అమెరికా ఓడ ఒకటి. దాని గర్భమున 2000 మస్టర్డ్ బాంబులు రహస్యముగా నుండెను. శత్రువు విషము వాడినచో తామును వాడుటకై మిత్రరాజ్యములవారు వానిని తెప్పించుకొనిరి. ఓడపై ఆ రహస్యమెరిగినవారు ఓడతోనే పోయిరి. పగిలిన ఓడలనుండి కారిన చమురు రేవునీటిపై పరచుకొన్నది. మస్టర్డ్ ఆ చమురులో కలిసినది. ఓడలనుండి దూకినవారు దానిలోనే ఈదిరి.

వారిని ఒడ్డునకు చేర్చినవారు మనుష్యమాత్రులు చేయవలసినదెల్ల చేసిరి. చలికాలపు రాత్రి. తడిసినవారు వణకుచున్నారు. పైన కంబళ్లు కప్పిరి, వేడి టీ ఇచ్చిరి, వరుసగా కూర్చుండబెట్టిరి. పైకి గాయములు కనబడలేదు గనుక వారి వంతు తరువాతనే అనుకొనిరి. ఆసుపత్రులలో అంతకంటె తొందరగా చూడవలసినవారు నిండియుండిరి. చమురు పట్టిన బట్టలు గంటలతరబడి పెక్కుమంది ఒంటిపైననే యుండెను. విషపు ఆవిరి ఎటును పోకుండ కంబళి దానిని ఒంటికి హత్తి పెట్టెను. కొన్ని గంటలకు కన్నులు తెరువలేమని మొరపెట్టిరి. బొబ్బలు లేచినవి. తరువాతి దినములలో, ఇప్పుడు కొంత నయముగా నున్నదని నర్సుతో చెప్పిన రోగియే కొద్ది నిమిషములకు కన్ను మూసెను. వారికి సేవచేసినవారికిని కన్నులు మండినవి.

అల్జీర్సునుండి పంపబడిన స్టూవర్ట్ అలెగ్జాండర్ అను అమెరికా సైనికవైద్యుడు రోగులను చూచి, శవపరీక్షలు చేయించి, చనిపోయినవారు ఏ ఓడకు ఎంత దగ్గరగా నుండిరో లెక్కవేసి, ఇది మస్టర్డ్ అని తేల్చెను. రేవు అధికారులు ఒప్పుకొనలేదు. సైనికులలో, నావికులలో 600 మందికి పైగా ఈ విషమునకు గురియైరి. 80 మందికి పైగా చనిపోయిరి. బారీ పట్టణపు సామాన్యజనములో ఎందరు పోయిరో సరియైన లెక్క ఎవరును వ్రాయలేదు. బ్రిటిషు ప్రధాని చర్చిల్ తనవారి కాగితములలో మస్టర్డ్ అను మాట రానీయలేదు.

కంబళి కప్పిన చేతులను ఎవరు నిందింపగలరు? తెలియని దయ ఒక్కొక్కప్పుడు చంపునన్న మాట నిజమే. కాని బారీలో ఆ తెలియమి దయగలవారిది కాదు. అది వేరొకరు వారిపై కప్పిన మరియొక కంబళి. ఒక్కరు, ఆ నీటిలో విషమున్నదని ఒక్క మాట చెప్పియుండినచో, టీ ఇచ్చిన చేతులే బట్టలు విప్పియుండెడివి, నీళ్లు పోసియుండెడివి. నిర్విషీకరణమునకు కావలసిన మొదటి ద్రవ్యము సబ్బు కాదు, సమాచారము. విషమును దాచియుంచువాడు దాని పేరును గూడ దాచినచో వాడు రెండు మారులు చంపినవాడగుచున్నాడు. నలువది యొక్క సంవత్సరముల తరువాత, 1984 డిసెంబరు 2, 3 తేదీల నడిరేయి, భోపాలునందు యుద్ధము లేదు, విమానములు లేవు. మిథైల్ ఐసోసయనేట్ ఊరిపై పడినది. హమీదియా ఆసుపత్రికి వేలకొలది జనము వచ్చి పడిరి. వారు పీల్చినదేమో, దానికి ఏ చికిత్స తగునో అచటి వైద్యులకు చెప్పిన దిక్కు లేదు. తేదీ కలియుట కాకతాళీయము. మిగిలినది కాకతాళీయము కాదు.

దీనికి ఎదురుపక్షమున నిలుచు కథ టోక్యో నగరమునది. 1995 మార్చి 20న అచటి భూగర్భ రైళ్లలో సారిన్ వదలబడినది. సెయింట్ లూక్ ఆసుపత్రి తలుపులు తెరిచి, ఆనాడొక్కదినముననే 640 మందిని లోనికి తీసికొన్నది. చోటు చాలక ప్రార్థనామందిరములో గూడ పరుండబెట్టిరి. కడుగుటకు ముందు లోనికి తెచ్చుటచేత, వారి బట్టలనుండి లేచిన ఆవిరి గాలి యాడని ఆ గదులలో నిలిచినది. తరువాత విచారింపగా ఆసుపత్రి సిబ్బందిలో సుమారు నాలుగవవంతునకు కన్నుల మసకయో, తలనొప్పియో, మరియొక బాధయో కలిగినట్లు తేలినది. వారిలో ఎవరును చనిపోలేదు. విషము ఇంకను గాఢమైనదై యుండినచో ఏమయ్యెడిదో తలచుకొనుటకే భయము కలుగును. అయినను ఆ ఉదయము తలుపు మూసి, నీటి గొట్టములు వచ్చువరకు ఆగుడని చెప్పియుండవలెనా? తలుపు తెరిచినవారిది తప్పనుటకు నోరాడదు. తలుపు వెలుపల ముందుగనే నీటి ఏర్పాటు చేయించనివారిది తప్పనుటకు నోరాడును.

హాలాహలము పుట్టినప్పుడు శివుడు దానిని మ్రింగి గొంతులో నిలుపుకొనెను. ఆ కథ విని పెరిగినవారికి, తన్ను తాను కప్పుకొని మెల్లగా వచ్చు వైద్యుడు పిరికివాడుగా కనబడుట సహజము. కాని విషము మ్రింగి నిలువగలవాడు దేవుడు. విషము మ్రింగిన వైద్యుడు ఇంకొక రోగి. వానిని మోయుటకు మరి ఇద్దరు కావలెను. వీరులు లేరని కాదు. 1915 ఏప్రిల్ 22న బెల్జియములోని ఈప్ర్ వద్ద జర్మనులు క్లోరిన్ వదలిరి. ఏప్రిల్ 26న భారతసేనలోని లాహోరు డివిజను ఆ ప్రాంతముననే ఎదురుదాడికి నడువగా మరల వాయువు వచ్చినది. జమాదారు మీర్ దస్త్ ఆ వాయువును పీల్చియు వెనుదిరుగలేదు. గుండ్ల వానలో ఎనమండుగురు బ్రిటిషు, భారతీయ అధికారులను సురక్షితస్థలమునకు చేర్చుటలో చేయి కలిపెను. విక్టోరియా క్రాసు వచ్చినది. వాయువు చేసిన చెరుపు ఆయనను వదలలేదు. అట్టివానికి నమస్కరింపవలెను. అయితే ఆయన చేసిన త్యాగమును నియమముగా మార్చి ప్రతి సేవకునినుండి కోరుట అన్యాయము. ముసుగు ఇయ్యవలసినవాడు ఇయ్యక, ప్రాణమిమ్మనుట వంటిది అది.

ఈ న్యాయము యుద్ధభూమికి మాత్రమే చెందినదనుకొనరాదు. జంషెడ్‌పూరు నగరమున సీతారాండేరా అను బస్తీ కలదు. ఉక్కు కర్మాగారము వెలసినతరువాత నానాప్రాంతములనుండి జనము ఆ నగరమునకు చేరిరి. ఉత్తరాంధ్రనుండి తెలుగువారును వచ్చి స్థిరపడిరి. అట్టి ఊరిలో గ్యాసు అను మాట పసిపిల్లలకు గూడ కొత్త కాదు. బ్లాస్టు ఫర్నేసునుండి వచ్చు వాయువులో కార్బన్ మోనాక్సైడు ఉండును. దానికి రంగు లేదు, వాసన లేదు. తోడివాడు దానిలో పడిపోయినప్పుడు శ్వాసయంత్రము లేకుండ వాని కొరకు దూకరాదన్నది ఉక్కు పనివారికి నేర్పెడి నియమములలో ముఖ్యమైనది. 2008లో జంషెడ్‌పూరులోనే ఒక కర్మాగారమున క్లోరిన్ కారి వందమందికి పైగా ఆసుపత్రి పాలైరి. ఇక మురుగుకాలువ మాన్‌హోలులో ఒకడు పడగా వానిని తీయబోయి రెండవవాడు, అతని కొరకు మూడవవాడు దిగి, ముగ్గురును శవములై పైకి వచ్చిన వార్తలు తెలుగు పత్రికలు చదువువారికి ఎన్నియో తెలియును. దిగినవాడు సాధారణముగా చనిపోయినవాని తమ్ముడో, బావమరిదియో, ఒకే ఊరివాడో అయియుండును. ఆ దిగుటను తెలివితక్కువ అనుట తేలిక. వారిని ముసుగు లేకుండ అక్కడికి పంపినవానిని ఏమనవలెనో చెప్పుట అంత తేలిక కాదు గాబోలు, ఎవరును చెప్పరు.

జంషెడ్‌పూరు వంటి చోట రెండు భాషలు ఒకే పంచలో నివసించును. ఒక మాట గడప దాటగనే అర్థము మార్చుకొనును. హిందీలో మైల్ అనగా మురికి. బట్టకు పట్టును, ఒంటికి పట్టును, ఉదుకగా పోవును. తెలుగున మైల అనగా మురికియు అగును. అంతకుమించి పురుటి మైల, చావు మైల అగును. ఆ మైల కంటికి కనబడదు, ముట్టినవానికి అంటును. సైనికుని ఒంటిపై పడిన విషమును పోగొట్టు పని హిందీ మైల్‌ను తీయుట వంటిది. అది ఒక పదార్థము; దానికి తూకము కలదు, ఆవిరియగు వేగము కలదు, నీటితో పోవు గుణము కలదు. అయితే చూచెడి కన్ను తెలుగు మైలకు అలవాటుపడిన కన్ను. ముసుగులు తొడిగినవారు, గీతకు ఆవల నిలుపబడినవారు, ముట్టవద్దను కేకలు, నీళ్లు, స్నానము. ఇంత పోలిక యున్నప్పుడు మనస్సు పాత దారిని పడుట వింత కాదు.

ఆ పాత దారిలో గూడ రెండు శాఖలున్న సంగతి మరువరాదు. పురుటికి, చావునకు వచ్చు మైలకు గడువు కలదు. పదియో పదునొకండో దినములు గడచి, స్నానము చేసినంతనే ఆ మనిషి మరల పంక్తిలో కూర్చుండును. నిన్నటివరకు దూరమున్నవాడని ఎవరును గుర్తుంచుకొనరు. కులము పేరిట మనుష్యులపై మోపిన అంటరానితనమునకు గడువు లేదు. ఏ నీరును దానిని కడుగలేదు. ఏలయన అది ఒంటిమీది పదార్థము కాదు, చూచువాని కంటిలోని దోషము. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణమున దానిని రద్దు చేసినది. నిర్విషీకరణపు గీత మొదటి జాతిదియా రెండవ జాతిదియా అన్నది తెలిసికొనుటకు ఒకటే గురుతు. ఆ గీతలో తలుపున్నదా? కడిగినవెంటనే లోనికి రానిత్తురా? తలుపున్న గీత వైద్యము. తలుపు లేని గీత వెలివేత.

గీత యనగానే తెలుగువారికి తోచునది లక్ష్మణుడు గీచినది. వాల్మీకమున అది లేదు; జనము నోట మాత్రము చెరగదు. సీత దానిని దురాశచేత దాటలేదు. వాకిట భిక్షుకుడు నిలిచియున్నాడు. అన్నము పెట్టుట ధర్మము. ఆ దయయే ఆమెను గీత దాటించినది. ఆమె అన్నము పెట్టరాదని ఏ కథకుడును అనలేదు. గీత గీచినవాడు అడవికి పోయెను. గీతవద్ద ఆమెకు తోడు లేకపోయెను. సైనికవైద్యమున గీత గీచిన అధికారి గీతవద్దనే యుండవలెనన్న నియమము మంచిది. ఆవల పడియున్నవాని కేకలు విని ఈవలివాడు ఒంటరిగా ధర్మసంకటమున పడకూడదు.

ఇక బట్టలు విప్పు సంగతి. వైద్యగ్రంథములు దీనిని రెండు వాక్యములలో ముగించును: కత్తెరతో ముందునుండి కత్తిరింపుడు, వెలుపలి ప్రక్క లోనికి పోవునట్లు చుట్టి తీయుడు, సంచిలో వేసి మూయుడు. ఆ రెండు వాక్యముల నడుమ ఒక మనిషి యున్నాడు. ద్రౌపది కథ తెలిసిన దేశమున నలుగురిలో బట్టలు తీయుట అనగా ఏమియో చెప్పనక్కరలేదు. విప్పువాని ఉద్దేశము మంచిదైనంత మాత్రమున విప్పబడినవాని సిగ్గు పోదు. పైగా ఇచట విచిత్రమైన అసమత ఒకటి కలదు. ఒకడు పూర్తిగా కప్పుకొన్నవాడు. ఒకడు పూర్తిగా విప్పబడినవాడు. కప్పుకొన్నవాని ముఖము ముసుగులో కనబడదు, గొంతు సరిగా వినబడదు. మందపు తొడుగులలో వాని వ్రేళ్లకు నాడి తెలియదు. ఎండాకాలమున ఆ దుస్తులలో వాడే సొమ్మసిల్లిపోవు అపాయము కలదు గనుక వాడు తొందరలో నుండును. రోగి కన్నులు విషముచేత మూసికొనిపోయియుండవచ్చును. అట్టివానికి, ఇప్పుడు నీ చొక్కా కత్తిరించుచున్నాను, ఇప్పుడు నీళ్లు చల్లగా పడును అని చెప్పు గొంతు చికిత్సలో భాగము కాదా? ఒక తెర, ఆడువారికి ఆడువారు, కడుగగానే కప్పుకొనుటకు ఒక దుప్పటి. ఇవి విలాసములని వాదించువారు కలరు. సిగ్గుపడి బట్టలు విప్పనీయనివాడు విషముతోనే లోనికి పోవుననియో, పారిపోవుననియో వారికి తోచదు. ఇచట మర్యాదకును, ప్రాణరక్షణకును వైరము లేదు. బారీలో ముందుగా వచ్చి చంపిన కంబళియే, కడిగినతరువాత వచ్చినచో మర్యాద.

నీరు తక్కువైనప్పుడు ఎవరిని ముందు కడుగవలెను? కౌటిల్యుని అర్థశాస్త్రము పదునాలుగవ అధికరణమున శత్రువును గ్రుడ్డివానిగా చేయు పొగలు, చంపు పొగలు వివరింపబడినవి. ఆ అధికరణపు చివరి అధ్యాయము వానికి విరుగుడు చెప్పును. దాని పేరే స్వబలమునకు కలుగు కీడులకు ప్రతీకారమని. స్వబలము అనగా తన సేన. విరుగుడు తనవారికి మాత్రమే. కౌటిల్యుడు దాచలేదు, నటింపలేదు; రాజనీతి అంతవరకే పోవును. సుశ్రుతుడును కల్పస్థానమున శత్రువు విషము కలిపిన నీటిని, నేలను, గాలిని శుద్ధిచేయు విధము చెప్పెను గాని, అదియు రాజు దండయాత్ర కొరకే. 1949 నాటి జెనీవా ఒప్పందములు ఇంకొక మెట్టు ఎక్కినవి: గాయపడినవాడు ఏ పక్షమువాడైనను, చికిత్సలో వరుస వైద్యపు అవసరమును బట్టియే. కాగితముపై ఇది సులభము. నిర్విషీకరణపు వరుసలో ఇది కఠినము. ఏలయన మంచముపై పడియున్న ఒక్కనిని కడుగుటకు పలువురి చేతులు, చాల నీరు కావలెను. ఆ వేళకు నడువగలవారు పలువురు కడుగుకొని బయటపడగలరు. పడియున్నవాడు శత్రువై, నడుచువారు తనవారైనప్పుడు వైద్యుని లెక్క ఏ తరాజులో తూగుచున్నదో వాని మనస్సునకే తెలియవలెను. వరుసను ముందుగా వ్రాసిపెట్టి, పతకములు చూడక, భుజముపై పట్టీలు చూడక పాటించుటకంటె దీనికి మంచి ఉపాయము ఇంతవరకు కనబడలేదు. ఒకందుకు బట్టలు విప్పుట మేలే చేయును: విప్పినతరువాత హోదా కనబడదు.

ఇంతకు ఈ విద్య యంతయు ఎట్లు వచ్చినది? చర్మముపై మస్టర్డ్ ఎంత పడిన ఎంత కాలును, ఎన్ని నిమిషములలో తుడిచిన ఎంత తగ్గును, ఏ బట్ట ఎంత ఆపును అన్నది ఎవరి చర్మముపైననో చూచినగాని తెలియదు. రావల్పిండిలో బ్రిటిషు సైనికశాస్త్రవేత్తలు 1930ల ఆరంభమునుండి పది సంవత్సరములకు పైగా వందలాది భారతీయ సిపాయిలపై మస్టర్డ్ ప్రయోగించి చూచిరి. భారతీయుని చర్మము బ్రిటిషువాని చర్మముకంటె ఎక్కువ కాలునా తక్కువ కాలునా అన్నది వారి ప్రశ్నలలో ఒకటి. సిపాయిలలో కొందరు పొట్టి నిక్కరులు, నూలు చొక్కాలు తొడిగి వాయువు గదులలోనికి పోయిరి. కొందరు తీవ్రముగా కాలి ఆసుపత్రి పాలైరి. తరువాతి కాలమున వారి ఆరోగ్యమెట్లున్నదో ఎవరును వెనువెంట చూడలేదు. ఈ సంగతి 2007లో బ్రిటిషు దస్తావేజులనుండి వెలుగులోనికి వచ్చినది.

వారి సరసన మరియొక పేరు చెప్పక తప్పదు. ఈప్ర్ దాడి జరిగిన వెంటనే జాన్ స్కాట్ హాల్డేన్ అను శాస్త్రజ్ఞుడు, ఆయన కుమారుడు జె.బి.ఎస్. హాల్డేన్, మరికొందరు ముసుగులను పరీక్షించుటకై ఒక గదిలో క్లోరిన్ నింపించుకొని తామే పీల్చిరి. ఆ కుమారుడే 1925లో రసాయనయుద్ధమును సమర్థించుచు కల్లినికస్ అను చిన్న పుస్తకము వ్రాసెను. బాంబుకంటె వాయువే దయగలదని ఆయన వాదము. నల్లనిచర్మము గలవారిపై మస్టర్డ్ తక్కువగా పనిచేయునని, అట్టివారితో సేనను కూర్చవచ్చునని, తెల్లవారు వారికి అధికారులుగా నుండవచ్చునని అందే సూచించెను. రావల్పిండి గదిలోని ప్రశ్నకు ఇది బంధువే. ఆ హాల్డేనే 1957లో భారతదేశమునకు వచ్చి, ఈ దేశపౌరుడై, 1964 డిసెంబరు 1న భువనేశ్వరమున మరణించెను. తన శరీరమును వైద్యవిద్యార్థులకు ఇచ్చివేసెను. అది కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు చేరినది. తన ఊపిరితిత్తులను, తుదకు తన శవమును విద్యకు అర్పించినవాడే, ఇతరుల చర్మమును అంత తేలికగా లెక్కవేసెను. తనపై తాను చేసికొను ప్రయోగము గొప్పదే. అది ఇతరులపై చేయుటకు అధికారపత్రము కాదు.

రావల్పిండి వంటి చోట్ల సంపాదించిన జ్ఞానమును వాడుకొనవచ్చునా అని అడుగువారు కలరు. వాడక విడిచినచో కాలిన సిపాయి చర్మము మొలకెత్తదు. నేడు కాలుచున్నవాడు మాత్రము నష్టపోవును. వాడుకొనవలసినదే. అయితే ముల్తానీ మట్టి సంచిని సైనికునికి ఇచ్చునప్పుడు, దానిని గూర్చిన పాఠము చెప్పునప్పుడు, ఆ తెలివి ఎవరి ఒంటినుండి వచ్చినదో గూడ చెప్పుట అప్పు తీర్చుటలో ఒక భాగము. ఎన్ని సైనిక పాఠశాలలలో చెప్పుదురో!

విషమే లేకుండ చేసినచో ఈ చర్చయే అక్కరలేదు గదా అన్నది మంచి మాట. భారతదేశము రసాయనాయుధముల నిషేధపు ఒడంబడికపై 1993లో సంతకము చేసి, 1996లో ధ్రువపరచినది. తనవద్ద వెయ్యి టన్నులకు పైబడిన మస్టర్డ్ ఉన్నదని 1997లో ప్రకటించి, 2009 నాటికి దానిని పూర్తిగా నాశనము చేసినది. అయినను 2013 ఆగస్టు 21న సిరియాలోని ఘూటాలో సారిన్ పడినది. కర్మాగారముల టాంకులలోని పెక్కు విషములను ఆ ఒడంబడిక నిషేధింపదు.

2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్నమునందు గోపాలపట్నము చెంతనున్న ఆర్.ఆర్. వెంకటాపురములో ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారపు టాంకునుండి స్టైరీన్ ఆవిరి ఊరిపైకి వచ్చినది. కరోనా దిగ్బంధముచేత వారములతరబడి మూతపడియున్న కర్మాగారమది. నిద్రలోనుండి లేచి పరుగెత్తినవారు వీథులలోనే కూలిపోయిరి. 12 మంది చనిపోయిరి. వందలమంది ఆసుపత్రులకు చేరిరి. దేశమంతటను ఒకరినొకరు ముట్టవద్దని, రెండు గజముల దూరముండుడని రాత్రింబవళ్లు చాటుచున్న దినములవి. ముట్టుట యనగా జనము వణకుచున్న ఆ వేళ, వెంకటాపురపు ఇరుగుపొరుగువారును, పోలీసులును పడినవారిని చేతులతో ఎత్తి, దొరికిన బండియెక్కించి, కింగ్ జార్జి ఆసుపత్రికి పంపిరి. చాలమంది ముఖములపై గుడ్డముసుగే యుండెను. స్టైరీన్ మస్టర్డ్ వంటిది కాకపోవుట వారి అదృష్టము. నియమము ప్రకారము ఆ ఎత్తుట తప్పు. ఎత్తియుండకపోయినచో ఏమనుకొనవలసి వచ్చెడిదో!

భోపాలువారికి కడుగుట చాలకాలము క్రిందటనే ముగిసినది. అయినను గ్యాస్ పీడిత్ అను హిందీ మాట వారి పేరునకు తగులుకొన్నది. నష్టపరిహారమునకు ఆ మాట కావలసివచ్చెను. పిల్ల పెండ్లి మాటలలో ఆ మాటయే అడ్డము వచ్చెను. వెంకటాపురములో గూడ ఆ భయము తొంగిచూచినది. ఇండ్లు కడిగించిరి, వీథులు కడిగించిరి, ఇక రావచ్చుననిరి. జనము వెంటనే నమ్మలేదు. కుండలో నీరు త్రాగవచ్చునా, పెరటి కూర కోయవచ్చునా, పసిబిడ్డను ఆ గదిలో పరుండబెట్టవచ్చునా? ఏ పరికరము చూపిన అంకెయు వారికి జవాబుగా తోచలేదు. అప్పుడు కొందరు రాష్ట్రమంత్రులు వచ్చి ఒక రాత్రి ఆ ఊళ్లలోనే పండుకొనిరి. అది రాజకీయము కూడ అయియుండవచ్చును. పత్రికలవారు ఫోటోలు తీసికొనిరి. అయినను గీతకు ఆవలి ఇంటిలో ఈవలివాడు చాప పరచుకొని, ఆ గాలినే తెల్లవారువరకు పీల్చెను. మరునాటినుండి వెళ్లినవారు ఒక్కొక్కరే తిరిగిరా మొదలుపెట్టిరి.